మూడు రాత్రుల తర్వాత పలికింది

గిటార్ మోతని గరుకుగా మార్చడానికి నేను చేసుకున్న డిస్టార్షన్ పెడల్ మూడు రాత్రులుగా పలకలేదు. గిటార్ మీటితే ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు నీరసంగా వినిపించేది. అతుకులన్నీ మళ్లీ కరిగించా, 9 వోల్టుల బ్యాటరీ మార్చా. మీటర్ పెడితే, మోతని పెంచే ట్రాన్సిస్టర్‌కి కలెక్టర్ అనే కాలు దగ్గర నాలుగున్నర వోల్టుల చుట్టూ ఉండాల్సింది ఏడు దాటింది.

నిన్న విజయనగరం గంటస్తంభం దగ్గర, పాత రేడియోలు బాగుచేసే మావయ్యకి చూపించా. ఒక్క చూపు. "ఏటి బాబూ, ట్రాన్సిస్టర్ కాళ్లు తిరగబడినాయి కదా!"

నిజమే. సర్క్యూట్ బొమ్మలో ఉన్నది 2ఎన్3904 రకం ట్రాన్సిస్టర్, నాకు దొరికింది బీసీ547 రకం. చదునైన ముఖం మనవైపు ఉంచితే మొదటిదానికి ఎడమ కాలు ఎమిటర్, రెండోదానికి కలెక్టర్. నడిమి కాలు రెండింటికీ బేసే. తిప్పి అతికించి లావు తీగ మీటా. ఆ గరుకు మోత! అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆమెకీ మళ్లీ మళ్లీ వినిపించా.