అక్కడ చేయమంటావు, ఇక్కడ వద్దంటావు

"అక్కడ చేయమంటావు, ఇక్కడ వద్దంటావు. ఎందుకు నాన్నా?"

నెల్లూరు జిల్లా పొదలకూరులో ఒక వెల్డింగ్ షాపు ముందు, మా అన్నయ్య బొలెరో పికప్ కింద వెల్లకిలా పడుకుని మా అబ్బాయి అడిగిన మాట ఇది. మోకాళ్ల నుంచి పాదాల వరకే బయటికి కనిపిస్తున్నాడు. రోహిణి కార్తె ఎండ. "లేచి రా, బట్టలు పాడవుతాయి, మేస్త్రి చూసుకుంటాడు, నీడలో కూర్చో" అని అప్పటికి మూడుసార్లు పిలిచాను. వాడు రాలేదు. అమెరికాకు తిరిగి వచ్చి నెల దాటింది. పదహారేళ్ల పిల్లవాడు అడిగిన ఆ ప్రశ్నకు నేను ఇంకా జవాబు చెప్పలేదు.

అన్నయ్య బండి కాయ ఉన్న రోజుల్లో నిమ్మకాయల బస్తాలు మార్కెట్టుకు తోలుతుంది. లేని రోజుల్లో ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులకు బాడుగకు పోతుంది. తొట్టిలో క్యాబిన్‌కు ఆనించి ఒక ఇనుప రేకు పెట్టె ఉంటుంది. జాకీ, వీల్ స్పానర్, టార్పాలిన్ పట్టా, మోకులు అన్నీ అందులోనే. దాన్ని ఎప్పుడూ తాడుతో కట్టడమే అలవాటు. ఆ రోజు కట్టింది నేను. నిమ్మ బస్తాలకు మా నాన్న వేసే ముడి నాకింకా గుర్తుందని చూపించాలని, నైలాను తాడు నాలుగు చుట్లు తిప్పి, బలమంతా పెట్టి లాగి కట్టాను. మా వాడికి చూపిస్తూ మరీ కట్టాను.

నెల్లూరులో సరుకు దించి ఖాళీ బండితో వస్తున్నాం. 30 కిలోమీటర్ల దారి. ఒక ఎత్తు ఎక్కేటప్పుడు వెనక ఏదో జారిన చప్పుడైంది, పట్టించుకోలేదు. ఊరు దగ్గరపడ్డాక గేదెలు అడ్డం వచ్చి అన్నయ్య గట్టిగా బ్రేకు వేశాడు. తొట్టి చివరికి జారిపోయి ఉన్న పెట్టె ఒక్క ఊపున ముందుకు వచ్చి క్యాబిన్ వీపును గుద్దింది. మా వాడి తలకూ ఆ పెట్టెకూ మధ్య ఉన్నది ఒక్క రేకు. కొద్దిసేపు ముగ్గురం మాట్లాడలేదు.

దిగి చూస్తే నేను వేసిన ముడి చెక్కుచెదరలేదు. తాడే సాగింది. బరువు పడితే నైలాను సాగుతుంది, బండి అదురుకు ఇంకా వదులవుతుంది. మా వాడు ఆ తాడును వేలితో నొక్కి చూసి, మాటలు వెతుక్కుంటూ, "పెదనాన్నా, దీన్ని కట్టకూడదు. బోల్టులతో బిగించాలి" అన్నాడు. "అయితే నువ్వే చెయ్యి అబ్బయ్యా" అన్నాడు అన్నయ్య. నాకు పట్టినట్లు ఆయనకు సందేహం పట్టలేదు.

మేస్త్రి సలహా వేరు. నాలుగు మూలలా వెల్డింగ్ పెడితే జన్మలో కదలదన్నాడు. కదలదు, నిజమే. కానీ వెల్డింగ్ వేడికి రేకు రెండు వైపులా పెయింటు కాలిపోతుంది. ఆ బండిలో రొయ్యల పెట్టెలు పోతాయి, ఐసు నీళ్లూ ఉప్పు నీళ్లూ తొట్టిలోకి కారుతుంటాయి. కాలిన చోటే తుప్పు మొదలవుతుంది, అడుగున కాబట్టి ఎవరికీ కనిపించదు. రేపు పెట్టె తీయాలంటే కోయాలి. ఇదంతా మా వాడు సగం తెలుగులో, సగం చేతులతో చెప్పాడు. మేస్త్రి తలపంకించి, "సరే బాబూ, నీ పద్ధతి చూద్దాం" అన్నాడు.

వాడు బండి కిందికి దూరింది అందుకే. పైనుంచి రంధ్రం వేసే ముందు అడుగున ఆ చోట ఏముందో చూడాలి. వైర్లు, బ్రేకు గొట్టాలు, డీజిల్ ట్యాంకు, వీటిలో దేనికి డ్రిల్లు తగిలినా ప్రమాదమే. ఫోను వెలుతురులో చూసి, కింద నుంచి వేలితో తట్టి చెబితే, పైన అన్నయ్య సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. మూత పూర్తిగా తెరుచుకోవాలి కాబట్టి క్యాబిన్‌కూ పెట్టెకూ మధ్య బెత్తెడు సందు వదిలారు. నాలుగు రంధ్రాలు వేశారు. వేసిన వెంటనే ఇనుప రజను ఒక్క పిసరు లేకుండా ఊడ్చాడు. తేమ తగిలితే తెల్లారేసరికి ఆ రజనే తుప్పు మరకలవుతుంది. రంధ్రాల అంచులకు తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ రంగు పూశాడు. పెట్టె కింద పాత లారీ ట్యూబు కోసి పరిచాడు, రేకు మీద రేకు రాపిడి లేకుండా. బోల్టులు 10 మిల్లీమీటర్లవి. పెట్టె లోపల వెడల్పాటి వాషర్లు, తొట్టి అడుగున రెండేసి బోల్టులకు కలిపి ఒక ఇనుప పట్టీ. ఆ పట్టీ లేకపోతే బరువంతా రంధ్రం చుట్టూ ఉన్న పలుచని రేకు మీదే పడి, కొన్నాళ్లకు చీరుకుపోతుంది. నట్లు లోపల నైలాను వలయం ఉన్నవి, అదురుకు ఊడనివి.

బిగించడం చూడాలి. 17 నంబరు స్పానర్‌తో ఒక మూల కొంచెం, దానికి ఎదురు మూల కొంచెం, మళ్లీ మొదటికి. ఏ ఒక్కదాన్నీ ముందే పూర్తిగా బిగించలేదు. చివర్లో స్పానర్ మీద మణికట్టు ఆనించి ఒక్క క్షణం ఆగి, రబ్బరు అంచు ఎంత ఉబ్బిందో వంగి చూశాడు. చాలనుకుని ఆపాడు.

"ఎవరు నేర్పారు బాబూ?" అన్నాడు మేస్త్రి.

"నాన్న" అన్నాడు వాడు.

నాకు తల ఎత్తడం కష్టమైంది. ఎందుకంటే ఇక్కడ అమెరికాలో మా ట్రక్కుకు పెట్టె పెట్టిన రోజు ఏం జరిగిందో మా ఇద్దరికే తెలుసు. మాది 2012 నాటి ఫోర్డ్ ఎఫ్-150 పికప్. ఆ బండికి అల్యూమినియం బాడీ వచ్చింది 2015 మోడల్ నుంచి, మాది ఉక్కుదే. కొన్న పెట్టె అల్యూమినియంది, తొట్టి రెండు గోడల మీద అడ్డంగా కూర్చునే రకం. దాన్ని పట్టుకోవడానికి కొక్కెం బోల్టులుంటాయి, తొట్టికి రంధ్రాలు అక్కర్లేదు. పెట్టెతో వచ్చిన కాగితమంతా చదివిన మా వాడు, ఉక్కూ అల్యూమినియమూ నేరుగా తాకకూడదు, తడి చేరితే అల్యూమినియం తినుకుపోతుంది, మధ్యలో రబ్బరు పట్టీ వేయాలి అన్నాడు. నాకు ఓపిక లేదు, చీకటి పడుతోంది, వేయకుండానే పెట్టించాను. తర్వాత నట్టు బిగిస్తుంటే "చాలు నాన్నా" అన్నాడు. ఇంకో చుట్టు తిప్పాను. "చాలు" అన్నాడు మళ్లీ. పెద్దవాళ్లు చేస్తుంటే మధ్యలో మాట్లాడకూడదని గట్టిగా అరిచి ఇంకా తిప్పాను. పెట్టె అడుగు రేకు లోపలికి గుంటపడింది. వాడు స్పానర్లన్నీ వరసగా సర్దిపెట్టి లోపలికి వెళ్లిపోయాడు. నేను వాడికి నేర్పింది అది. అయినా పొదలకూరులో నలుగురి ముందు "నాన్న" అన్నాడు. నా పరువు కాపాడటానికి అన్నాడా, నిజంగానే అలా అనుకుంటున్నాడా, అడిగే ధైర్యం రాలేదు.

ఇక వాడి ప్రశ్న. అమెరికాలో వాడికి నేను పదేపదే చెప్పే మాట, మన పని మనమే చేసుకోవాలి, చేతిపనిలో చిన్నతనం లేదు అని. గడ్డి కోయించాను, గోడలకు రంగులు వేయించాను, టైరు మార్చడం నేర్పాను. అదే నేను మా ఊరి దగ్గర, తెలిసినవాళ్లు దారిన పోతుంటే, నా కొడుకు మట్టిలో పడుకున్నందుకు సిగ్గుపడ్డాను. "అమెరికాలో మీవాడు చేసేది ఇదేనా?" అని ఒకాయన నవ్వుతూ అడిగితే, లేదు లేదు, చదువులో ముందుంటాడు అని వెంటనే మార్కుల సంగతి ఎత్తుకున్నాను. బండి కింద ఉన్న వాడికి అదంతా వినిపించే ఉంటుంది. ఇంటికి రాగానే అమ్మ కూడా "బిడ్డను మట్టిలో పడుకోబెట్టావేమిరా" అంది. ఆమెను ఏమనగలను? నేను అనుకున్నదే ఆమె పైకి అంది.

ఈ మాట మా ఇంట్లో పాతది. నేను నిమ్మతోటలోకి వెళ్తే నాన్న కసిరేవాడు. "నీకెందుకురా ఈ మట్టి, పోయి చదువుకో" అని నన్ను నెల్లూరు హాస్టల్‌కు పంపాడు. అన్నయ్యను పంపలేదు, తోటకు ఒకరు కావాలి. మట్టికి దూరం చేశారు కాబట్టే నేను ఇంత దూరం రాగలిగాను, కాదనను. ఇప్పుడు ఆ మట్టి నా కొడుకుకు తెలియాలని రెండేళ్లకోసారి లక్షలు ఖర్చుపెట్టి తీసుకెళ్తున్నాను. తీసుకెళ్లి నీడలో కుర్చీ వేసి కూర్చోబెడుతున్నాను. వాడు తనంతట తానుగా మా ఊరివాడైన గంట ఏదైనా ఉంటే, అది ఆ బండి కింద గడిపిన గంటే. నేను పిలిచింది దాని నుంచే.

తెలుగు విషయంలోనూ ఇంతే. ఆదివారం తెలుగు బడికి ఆరేళ్లు తిప్పాను. వేమన పద్యాలు వచ్చాయి, మాట రాలేదు. పన్నెండో ఏట ఇక వెళ్లనని తలుపు వేసుకున్నాడు. ఆ రోజు నేనన్న మాటలు గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు. వెల్డింగ్ షాపు దగ్గర ఒక్క పూటలో వదులు, బిగువు, రజను, పట్టీ, సందు వాడి నోట్లోకి వచ్చేశాయి. పిల్లలకు భాష పనితో పాటు రావాలి, తోటి తల్లిదండ్రులు అలా ప్రయత్నించండి అని రాయబోయాను. రాయలేకపోతున్నాను. తిరిగి వచ్చిన మూడోరోజుకే వాడు నాకు ఇంగ్లీషులో జవాబులివ్వడం మొదలుపెట్టాడు. ఆ మాటలు అన్నయ్యతో ఉన్నప్పుడే వస్తాయేమో. నాతో ఉన్నప్పుడు ఎందుకు రావో ఆలోచిస్తే, నా గొంతే గుర్తొస్తోంది.

పెట్టె బిగించాక 50 కిలోమీటర్లు తిరిగిన తర్వాత నట్లు మరోసారి చూడాలని వాడు పెదనాన్నకు చెప్పి వచ్చాడు. మొన్న అన్నయ్య ఫోన్ చేశాడు. ముత్తుకూరు పోయివచ్చాక చూశాడట. మూడు కదల్లేదు, నాలుగోది పావు చుట్టు తిరిగింది, అబ్బయ్యకు చెప్పు అన్నాడు. చెప్పాను. రబ్బరు నలిగి సర్దుకుంటే అలాగే అవుతుంది, ఇక తిరగదు అన్నాడు. తెలుగులోనే అన్నాడు.

నిన్న గ్యారేజీలో మా ట్రక్కు పెట్టె మూత ఎత్తి చూశాను. నేను బిగించిన చోట గుంట అలాగే ఉంది. గోడల మీద అల్యూమినియం తాకే అంచున తెల్లటి పొడి లేచింది. నట్లు విప్పి, రబ్బరు వేసి, వెడల్పాటి వాషర్లతో మళ్లీ పెడదాం, నువ్వు చెప్పినట్లు చేస్తాను, ఈ శనివారం కుదురుతుందా అని అడిగాను. శనివారం ఆట ఉందన్నాడు. ఆపైవారం చూద్దామన్నాడు.