పావ్‌లోవ్ కుక్క గుర్తుంటుంది, కన్‌స్ట్రక్ట్ వాలిడిటీ ఎందుకు జారిపోతుంది? (నెట్ సైకాలజీ, నా అనుభవం)

యూజీసీ నెట్ సైకాలజీలో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది ఫ్రెండ్స్! రిజల్ట్ చూసినప్పటి నుంచి "ఏం బుక్స్ చదివారు అక్కా" అని ఒకటే మెసేజీలు. బుక్స్ మీరు చదివేవే. నేను చెప్పాలనుకున్నది ఐదో యూనిట్ (లెర్నింగ్, మెమరీ) గురించి. నా ప్రిపరేషన్ మలుపు తిరిగింది అక్కడే.

పోయినసారి నాకు తప్పినవన్నీ దాదాపు ఒకే రకం బిట్లు. పావ్‌లోవ్ కుక్క, స్కిన్నర్ బాక్సు, కోలర్ చింపాంజీ సుల్తాన్, ఈ లెర్నింగ్ ప్రయోగాలన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కన్వర్జెంట్, డిస్క్రిమినెంట్, కన్‌స్ట్రక్ట్ అని వాలిడిటీ రకాల్ని (వాలిడిటీ అంటే పరీక్ష కొలవాల్సిందాన్నే కొలుస్తోందా అన్నది) జతపరచమంటే మాత్రం నాలుగు ఆప్షన్లూ కరెక్టే అనిపించేవి. బుర్ర మొద్దుబారిందనుకున్నాను. ఇంట్లో అయితే బీఈడీ చేసినదానివి, డీఎస్సీ రాసుకోక ఇదెందుకన్నారు. ఇప్పుడు ఎవరూ అనట్లేదు లెండి.

మెమరీలో సైకాలజిస్టు పైవియో చెప్పిన డ్యూయల్ కోడింగ్ సిద్ధాంతం అందరం చదివేదే. 'బిందె' అనగానే మాటతోపాటు బొమ్మ కూడా మనసులో పడుతుంది, అంటే రెండు దారులు. 'ఔచిత్యం' అంటే మాట ఒక్కటే. అందుకే కంటికి కనపడే వస్తువుల పేర్లు బాగా గుర్తుంటాయి. (పైవియో 1948లో మిస్టర్ కెనడా, బాడీబిల్డర్! ఎగ్జామ్‌లో అడగరు కానీ, ఆ కండల మనిషిని ఊహించుకున్నాక ఆ పేరు ఇక మర్చిపోలేదు.) సరే అని ప్రతి టర్మ్‌కీ బొమ్మ గీశాను. రిలయబిలిటీకి (ఎన్నిసార్లు కొలిచినా ఒకేలా రావడం) తక్కెడ, వాలిడిటీకీ తక్కెడే. చివరికి తక్కెడలు మిగిలాయి.

అసలు దారి చూపించింది 1983 నాటి ష్వానెన్‌ఫ్లూగెల్, షోబెన్ పేపర్. కాంటెక్స్ట్ అవైలబిలిటీ. వీళ్లు చెప్పేది ఏంటంటే, 'ఔచిత్యం' లాంటి అమూర్త పదానికి బొమ్మ లేకపోవడం కాదు సమస్య, దాన్ని వాడిన సందర్భం చటుక్కున తట్టకపోవడం. ముందు తగిన సందర్భం ఇచ్చి చదివిస్తే, అమూర్త పదాల వాక్యాలూ, కంటికి కనపడేవాటి వాక్యాలూ చదవడానికి పట్టే టైంలో తేడా దాదాపు పోయింది. ఇది చదివాక తెలుగు మీడియం వాళ్ల బాధేంటో నాకు అర్థమైంది. మన పేపరు ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తుంది. 'డాగ్' చిన్నప్పటి నుంచి వెయ్యి చోట్ల విన్నాం. 'కన్‌స్ట్రక్ట్' మాత్రం ఒక్క డెఫినిషన్‌లోనే చూశాం. ఇంక ఎక్కడి నుంచి గుర్తొస్తుంది?

అప్పటి నుంచి బొమ్మలు మానేసి వాక్యాలు రాశాను, తెలుగులోనే. "నా కొత్త డిప్రెషన్ స్కేలు పాత డిప్రెషన్ స్కేలుతో బాగా కలిసింది: కన్వర్జెంట్. తెలివితేటల పరీక్షతో పెద్దగా కలవలేదు: డిస్క్రిమినెంట్. రెండూ చూశాకే కన్‌స్ట్రక్ట్ వాలిడిటీ గురించి మాట్లాడాలి." ఇలా ప్రతి టర్మ్‌నీ ఏదో ఒక పనిలో పెట్టాను. ఈసారి జతపరచడంలో చెయ్యి వణకలేదు.

అలాగని పైవియో ఓడిపోయాడని అసర్షన్-రీజన్ (వాదన-కారణం) బిట్‌లో టిక్ పెట్టేయకండి. కూనియోస్, హోల్‌కాంబ్ 1994లో ఈఆర్‌పీ (పదం చూసినప్పుడు మెదడులో వచ్చే విద్యుత్ స్పందన) చూస్తే, కాంక్రీట్ (కంటికి కనపడేవాటి) పదాలకు ఎన్400 అనే తరంగం పెద్దగా వచ్చింది, తల ముందు భాగంలో ఇంకా స్పష్టంగా. అది డ్యూయల్ కోడింగ్‌కే బలం. వారింగ్టన్ 1975 కేసు ఇంకా వింత. మెదడు జబ్బున్న ఆ పేషెంటు 'సప్లికేషన్' అంటే సాయం కోసం గట్టిగా వేడుకోవడమని చెప్పాడు, 'హే' అంటే ఎండుగడ్డి అని మాత్రం చెప్పలేకపోయాడు. డీప్ డిస్‌లెక్సియాలో (మెదడు దెబ్బతిని చదవడంలో వచ్చే ఇబ్బంది) దీనికి తిరగేసి ఉంటుంది, అమూర్త పదాలు చదవడమే ఎక్కువ కష్టం. ఈ రెండూ పక్కపక్కన రాసుకోండి. కౌస్టా బృందం 2011లో, మిగతా అంశాలన్నీ సమానం చేస్తే అమూర్త పదాలే ముందు గుర్తుపడతారని, కారణం వాటిలోని భావోద్వేగమని అంది. 'ఫెయిల్' అన్న మాటకి బొమ్మ కావాలా మనకి?

మిగతా యూనిట్లు అందరిలాగే చదివాను. పేపర్ వన్‌కి (అన్ని సబ్జెక్టులవాళ్లకీ ఉమ్మడిగా ఉండే పేపరు) పాత ప్రశ్నపత్రాలు చాలు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటీ వదలొద్దు. ఫోన్ సంగతి మాత్రం చెప్పే తీరతాను. రీల్స్ చూస్తూ టైం లేదనేవాళ్లు నాకు మెసేజ్ పెట్టొద్దు. టైం నాకూ లేదు, పొద్దున ట్యూషన్లు చెప్పుకుంటూనే చదివాను. స్టాటిస్టిక్స్ ఎలా చదవాలో అడుగుతున్నవాళ్లు వేరేవాళ్లని అడగండి, అందులో నావి గుడ్డి టిక్కులే.