బకెట్లు పాడిన జాతీయగీతం

ఆదివారం, బెంగళూరు మారతహళ్ళి.

మా పిన్ని కొడుకు మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. అనంతపురం వాడు, ఇక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు, రాత్రిళ్లు కవిత్వం రాస్తాడు. చెయ్యి కడుక్కోగానే ఫోన్ తీసి 2024 ఎండాకాలం మీద రాసింది చదివాడు. బెంగళూరులో బోర్లు ఎండిపోయి, అపార్ట్‌మెంట్లకి అపార్ట్‌మెంట్లే ట్యాంకర్ల కోసం కాచుక్కూర్చున్న ఎండాకాలం అది.

ట్యాంకరు వీధి మలుపు తిరగ్గానే
బకెట్లన్నీ లేచి నిలబడి
జాతీయగీతం పాడాయి.
అమ్మ బకెట్ ఒక్కటే లేవలేదు,
దానికి అడుగు లేదు.

మూడో పాదానికి పకపకా నవ్వాను. చివరి పాదానికి మా పిన్ని పచ్చ బకెట్టు కళ్లముందుకొచ్చింది. పగులు మీద కాల్చిన కత్తి పెట్టి అతికిన నల్లటి గీత, పిడి ఊడితే కట్టిన నైలాను తాడు. ఒక్క క్షణం మాట రాలేదు.

"అక్కా, జనాలు నవ్వి వదిలేస్తారేమో. ఆ పాట ముక్క తీసేద్దునా?" అన్నాడు.

తియ్యొద్దురా అన్నాను, గట్టిగానే. అది తీసేస్తే మిగిలేది నీళ్ల కరువు వార్త. పైగా అందులో అబద్ధమేముంది? ట్యాంకరు హారను వినపడితే మనం లేచి నిలబడలేదూ? జరిగినదాన్ని ఒక్క అడుగు పక్కకి జరిపాడు, అంతే. ఆ ఒక్క అడుగులోనే నవ్వూ ఉంది, అవమానమూ ఉంది.

1924లో పారిస్‌లో ఫ్రెంచ్ కవి ఆంద్రే బ్రెటన్ అధివాస్తవికత (సర్రియలిజం) ప్రణాళిక రాసినప్పుడు కలకీ మెలకువకీ మధ్య గోడ పడగొట్టాలన్నాడు. మనవాళ్లలో కొందరు దాన్ని ఏది పడితే అది రాసుకునే లైసెన్సు అనుకున్నారు. ఈమధ్య చదివే వచన కవితల్లో నిశ్శబ్దానికి రెక్కలొస్తాయి, చీకటి నదిలా పారుతుంది. ఎవరి ఇంట్లో నిశ్శబ్దం, ఏ ఊరి చీకటి? తెలీదు. నవ్వు పుట్టాలంటే మాత్రం వస్తువు కచ్చితంగా కనపడి తీరాలి. పొగమంచుని చూసి ఎవరూ నవ్వరు. హాస్యం మీద నాకింత గురి అందుకే.

చార్లెస్ సిమిక్ దగ్గర నేర్చుకోవాల్సింది కూడా ఇదే. చిన్నప్పుడు బెల్‌గ్రేడ్‌లో బాంబుల కింద పెరిగి, తర్వాత అమెరికా వెళ్లి ఇంగ్లిష్‌లో కవిత్వం రాసినాయన. భోజనాల బల్ల మీది ఫోర్కుని చూసి, ఇది నరకం నుంచి పాక్కుంటూ వచ్చినట్టుందంటాడు. నవ్వొస్తుంది, ఆ తర్వాత చేతిలో ఫోర్కు పట్టుకోవాలంటే ఒళ్లు జలదరిస్తుంది.

అంత దూరం పోనక్కర్లేదని వాడికి మన తెలుగు కవి పఠాభి సంగతి చెప్పాను. నెల్లూరు మనిషి, ఈ బెంగళూరులోనే చాలాకాలం బతికి 2006లో ఇక్కడే పోయారు. 1939లో ఆయన కవితల పుస్తకం 'ఫిడేలు రాగాల డజన్' వచ్చేనాటికి ఆయనకి ఇరవై ఏళ్లు. వచన పద్యాల దుడ్డుకర్రలతో పద్యాల నడుములు విరగదంతానన్నారు. బాలవ్యాకరణాన్ని దండిస్తానన్నారు. వ్యాకరణ పుస్తకం చేతులు కట్టుకుని దెబ్బలు తింటున్నట్టు ఊహించుకున్నామంటే నవ్వాగదు. కానీ ఆ వెక్కిరింతతోనే ఆయన ఛందస్సు గడప దాటేశారు. కోపంగా ఓ వ్యాసం రాసి ఉంటే ఈపాటికి ఎవరికి గుర్తుండేది?

వాడు శ్రద్ధగా విన్నాడు. "అయితే బకెట్లు పాడొచ్చన్నమాట" అన్నాడు.

పాడాలి. ఏ బకెట్టు ఎందుకు పాడలేదో కూడా చెప్పాలి. రెండోది రాయగలిగినవాళ్లకే మొదటిది రాసే హక్కు అని నా పట్టుదల. ఊరికే వింతగా ఉందని వింత పెడితే పాఠకుడు రెండో పేజీకే అలిసిపోతాడు.

తర్వాత గంటసేపు కవిత మీదే కూర్చున్నాం, టీ రెండుసార్లు పెట్టాను. చివర్లో ట్యాంకరు 'కన్నీటి సముద్రమై' వెళ్లిపోతుందని రాశాడు, దాన్ని మాత్రం కొట్టేయించాను. డ్రైవరు ఏం చేస్తూ వెళ్లాడో రాయరా అంటే, పైపు చుట్టుకుంటూ ఎవరితోనో ఫోన్లో పెళ్లి సంబంధం మాట్లాడుతున్నాడన్నాడు. అదే పెట్టమన్నాను. తిరగరాసి బుధవారానికి పంపుతానన్నాడు.