మోర్గాన్ ద్రాక్ష కోతలో పది రోజులు

లియోన్‌లో మాస్టర్స్ మొదటి ఏడాది అయిపోయాక, సెలవుల చివర్లో ద్రాక్ష కోతకు వెళ్లాను. ఫ్రాన్స్‌లో స్టూడెంట్ వీసా మీద ఏడాదికి 964 గంటలు పని చేసుకోవచ్చు. కోతల కోసం నెలకు మించని ప్రత్యేక కాంట్రాక్ట్ ఉంటుంది. రెసిడెన్స్ పర్మిట్, బ్యాంకు వివరాలు పంపితే సంతకానికి కాగితాలు వచ్చాయి. లియోన్ నుంచి రైల్లో ఉత్తరంగా బెల్విల్ దాకా వెళ్తే, అక్కడి నుంచి తోటవాళ్ల వ్యాన్ విలియే-మోర్గాన్ అనే ఊరికి తీసుకెళ్లింది. ఇదంతా బోజొలే కొండ ప్రాంతం.

మాది గుంటూరు జిల్లా. మిరప కోతలో నడుం వంచడం అలవాటే. అయినా మొదటి మధ్యాహ్నానికే నడుం పట్టేసింది. ఇక్కడి పాత తీగలకు పందిరి ఉండదు, ఒక్కొక్కటి మోకాలెత్తు పొదలా ఉంటుంది. గుత్తులు ఆకుల కింద, దాదాపు నేలను తాకుతూ వేలాడతాయి. మూడో రోజు పొద్దున మంచం దిగలేకపోయాను. పక్క వరుసలో కోస్తున్న ఒక పెద్దావిడ ఒక మోకాలు నేల మీద ఆనించి, కాసేపటికి రెండోది మార్చుకోమని చూపించింది. ఎడమ చేతికి గ్లవ్ తప్పనిసరి అని కూడా చెప్పింది, కత్తెరకు తెగేది ఆ చెయ్యే. ఆ రెండు మాటలతోనే మిగతా రోజులు గడిచాయి.

ఆ మొదటి రోజే యజమాని నా దగ్గరికి వచ్చి, గుత్తిని బకెట్‌లోకి విసరొద్దు, పెట్టు అన్నారు. ఎలాగూ పిండేదే కదా, ఇంత జాగ్రత్త ఎందుకు అనుకున్నాను. సాయంత్రం తొట్ల దగ్గరికి తీసుకెళ్లి ఆయనే చూపించారు.

చాలా రెడ్ వైన్లకు కాడలు తీసేసి పండును చిదుపుతారు. ఇక్కడ గుత్తిని కాడతో సహా తొట్టిలో నింపుతారు. అడుగున ఉన్న పళ్లు పై బరువుకు చితికి, రసం పులియడం మొదలవుతుంది. దాంట్లోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ తొట్టి అంతా నిండుతుంది. గాలి ఆడని ఆ చోట, చితకని పండు తన తోలు లోపలే పులియడం మొదలుపెడుతుంది. పండ్ల వాసన బాగా దిగుతుంది, వగరు తక్కువగా ఉంటుంది. నా చేతిలో గుత్తి నలిగితే ఆ పని అక్కడికి చెడిపోయినట్టే. మర్నాటి నుంచి ఒక్క గుత్తినీ విసరలేదు.

ఈ ద్రాక్ష పేరు గామే. 1395లో బర్గండీ ప్రాంత పాలకుడు ఫిలిప్ దీన్ని చెడ్డ మొక్క అని తన నేల నుంచి పీకేయించాడు. కానీ బోజొలే ఉత్తర భాగంలోని గ్రానైట్ నేలలు దీనికి బాగా నప్పాయి. బోజొలేలో సొంత పేరుతో వైన్ అమ్మే ప్రాంతాలు పది, వాటిని క్రూ అంటారు. మోర్గాన్ వాటిలో ఒకటి. బోజొలే అంటే నవంబర్ మూడో గురువారం విడుదలయ్యే కొత్త వైన్ మాత్రమే అనుకుంటారు చాలామంది. అది నాకు బాధగా ఉంటుంది. కోట్ ద్యు పీ కొండ మీద పొడిపొడిగా విరిగే నీలపు రాతి నేలలో పండిన మోర్గాన్ ఏళ్ల తరబడి నిలవుంటుంది.

మధ్యాహ్నం భోజనంలో ఎండు సాసేజ్, మేక చీజ్, కాల్చిన కోడి ఉండేవి. అన్నిటితో ఆ వైన్ కుదిరింది. కోత ముగింపు విందును అక్కడ రెవోల్ అంటారు. దానికి నేను కోడి కూర వండుతానన్నాను. అంతకుముందు లియోన్‌లో మా సీనియర్ అన్న ఒకరు కారం కూరతో వగరు ఎక్కువున్న రెడ్ వైన్ పోస్తే నోరు మండిపోయింది. వగరూ ఆల్కహాలూ కారాన్ని పెంచుతాయి. అందుకని కారం తగ్గించి, గసగసాలూ కొబ్బరీ నూరి పోశాను. సెల్లార్‌లోంచి తెచ్చిన చల్లటి మోర్గాన్, దాదాపు 14 డిగ్రీల్లో, కూరతో హాయిగా కలిసిపోయింది. గోంగూర మాంసంతో కూడా బాగుంటుందనిపిస్తోంది, దాని పులుపును తట్టుకునే పులుపు ఈ వైన్‌లో ఉంది.

బయల్దేరే రోజు మొదటి తొట్టిని పిండారు. ప్రెస్ నుంచి కారే, ఇంకా తీపి పోని ఆ ఊదారంగు రసాన్ని అక్కడ పారడీ అంటారు, అంటే స్వర్గం. యజమాని ఒక గ్లాసు పట్టి నాకిచ్చారు. మొదటి రోజు నేను కోసిన వరుస ఆ తొట్టిలోనే ఉంది.