మా సుల్తాన్‌బజార్ ఇంటి పుట్టుక వెతికిన వైనం

హైదరాబాద్ సుల్తాన్‌బజార్ దగ్గరున్న మా ఇల్లు తాతగారు 1961లో కొన్నారు. పంపకాల మాట వచ్చినప్పుడు అన్నయ్య మొత్తం పడగొట్టి అపార్ట్‌మెంట్ కడదామన్నాడు. అంతకన్నా ముందు అది ఎప్పటి ఇల్లో, ఎవరి చేతులు మారి వచ్చిందో తేల్చుకోవాలని నేను పట్టుబట్టాను.

ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం, ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. తాతగారి సేల్‌డీడ్‌లో రాసిన లింక్ డాక్యుమెంట్ (అంతకు ముందటి దస్తావేజు) నంబరు పట్టుకుని నకలుకు దరఖాస్తు పెట్టాను. వచ్చిన నకలు ఉర్దూలో ఉంది. ధర నిజాం కాలపు హాలీ సిక్కా రూపాయల్లో, సంవత్సరం అప్పటి ప్రభుత్వ లెక్కలో 1345 ఫసలీ. ఇంగ్లిష్ సంవత్సరం కావాలంటే హైదరాబాద్ ఫసలీకి 590 కలపాలి, అంటే 1935-36.

ఇంటి నంబరు ఎక్కడా కలవలేదు. మున్సిపల్ నంబర్లు ఎన్నోసార్లు మారాయి కదా, టెన్షన్ పట్టుకుంది. చివరికి ఆదుకున్నవి హద్దులే. తూర్పున గల్లీ, దక్షిణాన పక్కింటివాళ్ల ముత్తాత పేరు. ఉర్దూ చదివి చెప్పిన పెద్దాయన ఆ పేరు పలకగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ దస్తావేజులో ఇంకో మాట ఉంది: 'వెనక ఖాళీ స్థలం, బావి.'

మూసీ వరద 1908లో వచ్చాక, 1912-15 మధ్య లియొనార్డ్ మన్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో నగరమంతా సర్వే చేసి మ్యాపులు గీశారు. ఇళ్లు, బావులు కూడా అందులో ఉంటాయి. మా గల్లీ షీటులో ముందు భాగం, నడిమి వాకిలి, బావి కనిపించాయి. వెనక గదులు లేవు.

ఆ తర్వాత ఇంటినే జాగ్రత్తగా చూశాను. ముందు భాగంలో డంగు సున్నంతో (గానుగలో నూరిన సున్నంతో) కట్టిన మందపాటి రాతి గోడలు, టేకు దూలాల మిద్దె. వెనక గదుల్లో ఇనుప గర్డర్ల మధ్య ఇటుక కమానులు. తుప్పు గీకితే ఒక గర్డర్ మీద టిస్కో (టాటా ఉక్కు కంపెనీ) అక్షరాలు కనిపించాయి. కాబట్టి వెనక భాగం 1935 తర్వాతిది, ముందుది మన్ సర్వేకంటే పాతది.

ఈ కాగితాలన్నీ ముందు పెట్టాక అన్నయ్య కూడా మెత్తబడ్డాడు. ముందు భాగం పడగొట్టకూడదని పార్టిషన్ డీడ్‌లో రాయించాం. ఇప్పుడు సున్నం పని తెలిసిన మేస్త్రీ కోసం వెతుకుతున్నాం. ఆ గోడలకు సిమెంట్ పూస్తే లోపలి తేమ బయటికి పోక పెచ్చులూడిపోతాయి.