ఫసలీ 1345 నాటి క్యారెక్టర్ షీట్

మా పర్లాకిమిడిలో మేం ఆడుతున్న రోల్‌ప్లే గేమ్ (ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా ఆడే కథ ఆట) కథ 1935 చివర్లో మొదలవుతుంది. ఊరు అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, జిల్లా గంజాం. 1936 ఏప్రిల్ 1న కొత్తగా ఏర్పడిన ఒరిస్సాలోకి ఊరు వెళ్తుంది, ఇక్కడి జమీందారీ ఎస్టేటులో కొంత మద్రాసు వైపే ఉండిపోతుంది. కథంతా ఆ మార్పుకి అటూ ఇటూ నడుస్తుంది. రూల్స్ మాత్రం 1981లో వచ్చిన ‘కాల్ ఆఫ్ క్తుల్హు’ అనే హారర్ ఆటవి. పాచికలు వేసి నూటికి ఇంత అని చూసుకునే ఆట. దాని క్యారెక్టర్ షీట్, అంటే పాత్ర వివరాలూ అంకెలూ రాసుకునే కాగితం, 1920ల అమెరికా డిటెక్టివ్‌లకి బాగా కుదురుతుంది. మా పాత్రలేమో కరణం, బడిపంతులు, నౌపడా వెళ్లే చిన్న రైలు గార్డు. వీళ్లకి వీళ్ల కాలపు కాగితమే కావాలని పట్టుబట్టి కూర్చున్నాను.

ఇలాంటివి చేసేవాళ్లు చాలామంది ముందు కాగితాన్ని పాతదానిలా చేస్తారు. టీ డికాక్షన్‌లో ముంచుతారు, అంచులు కాలుస్తారు. నాకది నచ్చదు. 1935లో ఆ ఫారం కొత్తది కదా! అప్పుడే కట్ట విప్పి గుమస్తా ముందు పెట్టినట్టుండాలి. కాలం తెలియాల్సింది కాగితం రంగులో కాదు, ఆ కాగితం మనిషిని ఏమడుగుతుందన్న దాంట్లో.

అందుకే ముందు మా పెద్దనాన్న ఇంటికి వెళ్లాను. ఆయన దగ్గర జమీందారీ నాటి శిస్తు రసీదులు కొన్ని ఉన్నాయి. “ఇవన్నీ ఇప్పుడేటి చేసుకుంటావురా?” అంటూనే ట్రంకు పెట్టె తీశారు. ఒక రసీదు ముందు పెట్టుకుని చాలాసేపు చూశాను. పైన ఫసలీ (శిస్తు లెక్కల) సంవత్సరం, కింద గ్రామం, రైతు పేరు, తండ్రి పేరు. కుడివైపు రూ॥ అ॥ పై॥ అని మూడు సన్నటి గడులు. అడుగున సంతకం, దాని పక్కన ‘నిశానీ’ అని మరో చోటు. ఆ చోట వేలిముద్ర, గీతల్లోకి సిరా దిగి నల్లగా పాకింది. ఎత్తు, వయసు, కళ్ల రంగు ఎవరికీ అక్కర్లేదు. ఏ ఊరు, ఎవరి కొడుకు, ఎంత బాకీ, అంతే.

నా షీట్‌కి అదే వరస పెట్టాను. ఆటలో ‘క్రెడిట్ రేటింగ్’ అని ఒక అంకె ఉంటుంది, మనిషి ఆస్తికీ హోదాకీ గుర్తు. దానికి ‘పలుకుబడి’ అని పేరు పెట్టి, కింద ‘జామీను ఉండేవారు’ అని రెండు గీతలు ఇచ్చాను. ఆటగాడు అక్కడ రెండు పేర్లు రాయాలి. రాశాడంటే ఆ ఇద్దరూ కథలోకి వచ్చేసినట్టే. చదువు అంకె మరీ తక్కువ వచ్చిన పాత్రకి సంతకం ఉండదు, ఆడేవాళ్లే స్టాంపు ప్యాడ్ మీద బొటనవేలు అద్ది నిశానీ వెయ్యాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది ఆటలో పాత్రకి తగిలే దెబ్బల లెక్క దగ్గర. మామూలు షీట్‌లో పెన్సిల్‌తో రాసి చెరిపేస్తారు. అప్పటి దస్తావేజులో చెరపడం కుదరదు, కొట్టివేత పక్కన సంతకం ఉండాల్సిందే. కాబట్టి ప్రాణానికీ, చిత్తస్థిమితానికీ చెరొక పద్దు పెట్టాను: తేదీ, వివరం, జమ, ఖర్చు, నిల్వ. మా బడిపంతులు పద్దులో ఒక వరస ఇలా ఉంది: “మహేంద్రతనయ గట్టున చూసినది. ఖర్చు 4, నిల్వ 51.” ఏం చూశాడో రాయలేదు. ఆ వరస చదివితే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

తేదీల విషయంలో ఫసలీ బాగా కలిసొచ్చింది. మద్రాసు లెక్కలో ఫసలీ 1345 అంటే 1935 జూలై నుంచి 1936 జూన్ దాకా. అంటే రాష్ట్రం మారినా ఫసలీ మారదు, జిల్లా పేరూ మారదు. ఏప్రిల్ 1 నాటి ఆటలో అందరం పెన్ను తీసి ‘మద్రాసు’ కొట్టేసి ‘ఒరిస్సా’ అని రాసి పక్కన సంతకాలు పెట్టాం. పెన్ను గీత ఎంత తేలిగ్గా పడిందో, ఆ ఊళ్లకి అది ఎంత పెద్ద సంగతో ఆ బల్ల దగ్గర అందరికీ తెలిసింది.

అచ్చు పని గురించి రెండు మాటలు. ఏ4 వాడితే ఎంత చేసినా ఇప్పటి కాగితంలాగే ఉంటుంది. లీగల్ సైజు 14 అంగుళాలు, అడుగున అరంగుళం కోయిస్తే పాత ఫుల్‌స్కేప్ కొలత వస్తుంది. లెడ్జరు కాగితమైతే సిరా పాకదు. ఇంగ్లీషు షీట్‌లో గీతల మధ్య ఎడం మనకి చాలదు, వత్తులు కింది గీతకి తగులుతాయి. ఎడం పెంచి, గడులు తగ్గించుకోవడమే మేలు. శీర్షికకి గిడుగు ఫాంట్ వాడాను. ఆ పేరు ఎవరిదో మా ఊళ్లో చెప్పక్కర్లేదు, రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఇక్కడే. తెలుగు అంకెలు ఫారం నంబరుకే పరిమితం చేశాను. మా గుంపులో ఒడియా మీడియంలో చదివినవాళ్లకి తెలుగు చదవడమే నెమ్మది, ౭ చూసి ఆగిపోతే ఆట నడవదు.

ఇక మిగిలింది సవర పాత్ర. సవరలు ఇక్కడి కొండల మీది గిరిజనులు. అలాంటి మనిషికి పట్టా గడి, శిస్తు గడి ఉన్న ఫారం ఇవ్వడం నాకు మనసొప్పలేదు. కాగితం లేకుండా ఆడించడమూ సరికాదు, ఆ కాలంలో కచేరీకి, అంటే సర్కారు ఆఫీసుకి, వచ్చిన మనిషి వివరాలు ఎవరో ఒకరు రాసుకునేవారు. అందుకే ఆ షీట్‌ని కరణం పాత్ర ఆడేవాడు నింపుతాడు, తనకి అర్థమైనంత మేరకే. పేరు తప్పు పడొచ్చు, ఊరు మారిపోవచ్చు. అసలు అంకెలూ అసలు పేరూ ఆటగాడి దగ్గర ఒక చిన్న చీటీ మీద ఉంటాయి. దాన్ని ఎవరికి చూపించాలో, ఎప్పుడు చూపించాలో అతని ఇష్టం.