రెండో టెస్ట్ మెషీన్ ఎందుకు మొండికేసింది

మూడు రోజులుగా రెండు టెస్ట్ మెషీన్లతో కుస్తీ పడుతున్నాను. వాటిలోని డెబియన్ (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వెర్షన్‌ను 11 నుంచి 12కి మార్చాలి. మొదటిది గంటలో అయిపోయింది. రెండోది సగంలో ఆగిపోయి, డిపెండెన్సీలు (ఒక ప్యాకేజీ పనిచేయడానికి కావలసిన ఇతర ప్యాకేజీలు) కుదరడం లేదంటూ మొరాయించింది. రెండింట్లోనూ అవే కమాండ్లు, అదే వరుస. మరి తేడా ఎక్కడ?

మిర్రర్ (ప్యాకేజీలు దించుకునే సర్వర్) మార్చాను, క్యాష్ తుడిచాను. లాభం లేదు. టెన్షన్‌తో ఆ రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు. మర్నాడు డెబియన్ ప్యాకేజీలను చూసుకునే టూల్ ఆప్ట్‌లో 'ఆప్ట్-క్యాష్ పాలసీ' కొట్టి, ఒక్కో ప్యాకేజీ ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తూ పోయాను. ఒక లైబ్రరీ దగ్గర కళ్లు ఆగాయి. దాని వెర్షన్ పక్కన డెబియన్ అడ్రస్ లేదు. అక్కడున్నది ఎప్పుడో ఒక టూల్ కోసం నేనే చేర్చిన బయటి రిపాజిటరీ (ప్యాకేజీల నిల్వ)! అందులోని వెర్షన్ నంబర్ 12లో ఉన్నదానికంటే పెద్దది. మామూలుగా ఆప్ట్ తనంతట తాను వెర్షన్ తగ్గించదు. అందుకే ఎటూ కదల్లేకపోయింది.

ఆ రిపాజిటరీ ఫైల్ తీసేసి, ప్రిఫరెన్సెస్‌లో డెబియన్‌కి 1001 ప్రయారిటీ ఇచ్చి (వెయ్యి దాటితేనే ఆప్ట్ వెర్షన్ తగ్గించడానికి ఒప్పుకుంటుంది) 'ఫుల్-అప్‌గ్రేడ్' కొట్టాను. ప్యాకేజీల పేర్లు వరసగా పైకి జరుగుతుంటే ఎంత హాయిగా అనిపించిందో! ఆ ప్రయారిటీని వెంటనే తీసేశాను, అది అలాగే ఉండిపోతే ఇంకో ప్రమాదం.

ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్‌ను నడిపే చిన్న సాఫ్ట్‌వేర్) మాత్రం పాతదే ఉండిపోయింది. 12లో దానికి 'నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్' అని విడిగా ఒక విభాగం పెట్టారు. సోర్సెస్‌లో (ప్యాకేజీలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో రాసే జాబితా) ఆ పదం చేర్చాక అదీ వచ్చేసింది.

సోమవారం అసలు సర్వర్ల పని. ఈసారి ముందు ప్రతి మెషీన్‌లో బయటి రిపాజిటరీల జాబితా తీస్తున్నాను.